ఒకే ట్రాక్ మీద తెలుగు పాట, ఒడియా పాట: ప్రాజెక్ట్ మొదట్లో ఎంత ఖాళీ వదలాలి?

పర్లాకిమిడి హార్మోనియం (ప్రశ్న)

రాయగడ మజ్జిగౌరమ్మ మీద పాట. వాద్యాల ట్రాక్ ఒక్కటే, దాని మీద తెలుగు సాహిత్యం ఒకసారి, ఒడియా సాహిత్యం ఒకసారి పాడాలి. ఆదితాళం, టెంపో 96, ప్రాజెక్ట్ రీపర్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో 48 కిలోహెర్ట్జ్ (సెకనుకి 48,000 శాంపిళ్లు), 24 బిట్. తెలుగు గాత్రం రాయగడలోను, ఒడియా గాత్రం బరంపురంలోను, డోలక్ గుణుపురంలోను ఎవరి గదిలో వాళ్లు రికార్డు చేసి పంపుతారు. మిక్సింగ్ విశాఖలో.

ఎత్తుగడ అతీతం, అంటే పాట సమానికి (ఆవర్తం మొదటి దెబ్బకి) ముందే అందుకుంటుంది. తెలుగు పల్లవి సమానికి ఒకటిన్నర బీట్ ముందు మొదలవుతుంది. ఒడియాలో అక్షరాలు ఎక్కువ కాబట్టి అది రెండున్నర బీట్ల ముందే అందుకోవాలి. ఖాళీ ఏమీ వదలకుండా తెలుగు ఎత్తుగడని సరిగ్గా సున్నా దగ్గర పెట్టి ఉంది. ఇప్పుడున్న ఇబ్బందులు ఇవి:

సమం బార్ (నాలుగు బీట్ల గడి) మధ్యలో పడుతోంది, తెర మీది గీతలు ఏవీ కలవవు. ఒడియా ఎత్తుగడకి చోటే లేదు. రాయగడకి గైడ్ (విని పాడడానికి పంపే ట్రాక్) ఎంపీ3లో వెళ్లింది, గాత్రం ఎంపీ3లోనే వచ్చింది. అది పాట పొడుగునా ఒకేలా 46 మిల్లీసెకన్లు ఆలస్యం. డోలక్ ఫోన్‌లో రికార్డైంది, ఫైలు మొదటి దెబ్బతోనే మొదలవుతోంది. మొదట్లో కూర్చోబెడితే నాలుగో నిమిషానికి 12 మిల్లీసెకన్లు వెనకబడుతోంది. మిడి (స్వరాల ఆదేశాలు పంపే పద్ధతి) కేబుల్ మీద నడిచే కీబోర్డు మొదటి కార్డ్‌ని పియానోలో వాయించి, తరవాత నుంచి స్ట్రింగ్స్‌లోకి వస్తోంది.

ఎన్ని బార్లు వదలాలి? ఉన్నది చెడకుండా ఖాళీని ఎలా చొప్పించాలి? చివరి మాస్టర్‌లో ఎక్కడ కోయాలి?

విశాఖ మిక్స్ బల్ల

మాస్టారూ, నాలుగు బార్లు వదలండి. ఆదితాళం 8 బీట్లు, అంటే 4/4లో రెండు బార్లకి ఒక ఆవర్తం. నాలుగు బార్లంటే రెండు నిండు ఆవర్తాలు. మీ టెంపోలో బీట్ 0.625 సెకను, బార్ 2.5 సెకన్లు, నాలుగు బార్లు సరిగ్గా 10 సెకన్లు. 48 కిలోహెర్ట్జ్‌లో 4,80,000 శాంపిళ్లు. సమం 5వ బార్ మొదటి బీట్ మీద, 10.000 సెకన్ల దగ్గర పడుతుంది. తెలుగు ఎత్తుగడ 9.0625 దగ్గర, ఒడియా ఎత్తుగడ 8.4375 దగ్గర వస్తాయి. రెండింటికీ చోటు సరిపోతుంది, గ్రిడ్ మారదు.

కొంతమంది ఎత్తుగడ కోసం మొదట్లో ఒక చిన్న బార్ పెడతారు. మీ తెలుగు పాటకైతే 3/8 బార్ అన్నమాట. ఒక్క పాటే అయితే అది నడుస్తుంది. మీకు నడవదు, ఒడియాకి 5/8 కావాలి గనక. ఒకే ట్రాక్‌కి రెండు రకాల బార్ లెక్కలు తయారైతే, ఫలానా బార్‌లో తప్పుందని ఫోన్లో చెప్పినా అవతలివాళ్లు వేరే చోట వెతుకుతారు. నిండు బార్లే ఖాళీగా వదలండి.

ఇక చొప్పించడం. ఇప్పుడు మీ సమం 0.9375 దగ్గర ఉంది. అది 10.000కి వెళ్లాలంటే 9.0625 సెకన్లు కావాలి, అంటే పద్నాలుగున్నర బీట్లు, 4,35,000 శాంపిళ్లు. ముందు ప్రాజెక్ట్‌ని వేరే పేరుతో సేవ్ చేసుకోండి. సున్నా నుంచి 9.0625 వరకు టైమ్ సెలెక్షన్ పెట్టి, రూలర్ మీద కుడి క్లిక్ చేసి ఖాళీ చొప్పించే ఆదేశం ఇవ్వండి. అన్నీ ఎంపిక చేసి మౌస్‌తో కుడివైపుకి లాగే పద్ధతి వద్దు. లాక్ చేసిన ఐటెమ్ ఒక్కటి మిగిలిపోయినా, వాల్యూమ్ ఆటోమేషన్ (ముందే రాసిపెట్టిన హెచ్చుతగ్గులు) పాత చోటే ఉండిపోయినా చరణం మధ్యలో గాని బయటపడదు. క్యూబేస్‌లో అయితే అన్ని ట్రాకుల మీద రేంజ్ ఎంపిక చేసి కంట్రోల్, షిఫ్ట్, ఈ. ఏబుల్టన్ లైవ్‌లో కంట్రోల్, ఐ.

చొప్పించాక మూడు చోట్ల చూడండి. మొదటి సమం 10.000 దగ్గరుందా? పాట చివరి తాళం దెబ్బ పాత సమయం కంటే సరిగ్గా 9.0625 ఎక్కువ ఉందా? మధ్యలో ఏదైనా ఒక ఆటోమేషన్ పాయింట్ తన స్వరంతోపాటే కదిలిందా? టెంపో మార్కర్లు ఉంటే అవి కూడా. ఈ మూడూ సరిపోతే మిగతావి కూడా సరిపోయినట్టే.

ఖాళీ వదిలాక టెంపో ముట్టుకోవద్దు. ఎక్కువ ప్రాజెక్టులు పాడయ్యేది ఇక్కడే. 96లో పది సెకన్లున్న నాలుగు బార్లు, 100 చేస్తే 9.6 సెకన్లు అయిపోతాయి. మిడి సమం 9.6కి జరుగుతుంది. ఆడియో ఐటెమ్ టైమ్‌కి కట్టి ఉంటే 10.000 దగ్గరే ఉండిపోతుంది. 400 మిల్లీసెకన్ల తేడా మొదటి బీట్‌కే వచ్చేస్తుంది. ఎవరికైనా గైడ్ పంపే ముందే టెంపో ఖాయం చేయండి.

సమం 5వ బార్‌లో ఉండడం కంటికి ఇబ్బందైతే ప్రాజెక్ట్ సెట్టింగ్స్‌లో, అంటే ఆల్ట్, ఎంటర్ నొక్కి, మొదటి బార్ సంఖ్యని తగ్గిస్తే సమం 1 అని కనిపిస్తుంది. క్యూబేస్‌లో దీన్ని బార్ ఆఫ్‌సెట్ అంటారు. మారేది కనిపించే అంకె మాత్రమే. అందుకే ఇంకొకరికి చెప్పేటప్పుడు బార్ నంబరు కాకుండా "సమం 10.000 సెకన్లు" అని చెప్పండి. బరంపురంలో ఒడియా చదివేవాళ్లకైనా, గుణుపురంలో తెలుగు చదివేవాళ్లకైనా ఆ అంకె ఒకటే.

ఇంకొక పని. 2వ బార్ మొదటి బీట్ మీద, 2.5 సెకన్ల దగ్గర, అంటే 1,20,000వ శాంపిల్ మీద 10 మిల్లీసెకన్ల క్లిక్ ఒకటి పెట్టండి. మైనస్ 12 డెసిబెల్స్ చాలు. సినిమావాళ్లు బొమ్మకి రెండు సెకన్ల ముందు ఒక ఫ్రేమ్ పొడుగు బీప్ పెట్టే అలవాటు ఇలాంటి దానికే. ప్రతి ఒక్కరూ తమ ట్రాక్ మీద ఆ క్లిక్‌ని అదే చోట అతికించి పంపాలి. తిరిగొచ్చిన ఫైల్లో క్లిక్ 1,20,000 దగ్గర లేకపోతే, ఎంత తేడా ఉందో అంత జరిపితే సరి. క్లిక్‌ని సున్నా మీద మాత్రం పెట్టకండి. ఐటెమ్ అంచుకి తనంతట తాను పడే ఫేడ్ దాన్ని మింగేస్తుంది, ఫైలు ముందుకి జరిగితే అసలు మాయమవుతుంది.

3, 4 బార్లలో లెక్కింపు హెడ్‌ఫోన్‌కి. ఒడియా గాయకుడికి 4వ బార్ రెండో బీట్ దాటాక సగం బీట్‌కే అందుకోవాలి గనక, లెక్కింపు 3వ బార్ నుంచే నిండుగా వినిపించాలి. ఒక్క బార్ ఇస్తే చాలదు.

గుణుపురం మిడి

కీబోర్డు సంగతి నేను చెప్తాను. దోషం మొదటి టిక్కు (మిడిలో బీట్‌ని కొలిచే చిన్న ముక్క) మీద రద్దీ.

ఒక్కో చానెల్‌కి మామూలుగా వెళ్లే సెట్టింగులు: బ్యాంక్ సెలెక్ట్ రెండు సందేశాలు, ప్రోగ్రామ్ చేంజ్, వాల్యూమ్, పాన్, రివర్బ్. ప్రోగ్రామ్ చేంజ్ 2 బైట్లు, మిగతావి ఒక్కోటి 3. మొత్తం 17 బైట్లు. అయిదు పిన్నుల మిడి కేబుల్ వేగం సెకనుకి 31,250 బిట్లు. స్టార్ట్ బిట్, స్టాప్ బిట్ కలిపి బైట్‌కి 10 బిట్లు, అంటే 0.32 మిల్లీసెకను. ఒక చానెల్‌కి 5.4 మిల్లీసెకన్లు. 16 చానెళ్లూ కలిస్తే 272 బైట్లు, 87 మిల్లీసెకన్లు. ఇవన్నీ సున్నా మీద, మొదటి కార్డ్ కూడా సున్నా మీద ఉంటే స్వరం ముందు వెళ్లొచ్చు, ధ్వని మార్పు వెనక రావొచ్చు. మీ స్ట్రింగ్స్ ఆలస్యంగా రావడానికి కారణం అదే. కీబోర్డు తన లోపల కొత్త ధ్వని లోడ్ చేసుకునే సమయం దీనికి అదనం.

ఇప్పుడు నాలుగు బార్లు ఖాళీ ఉంది కాబట్టి ఇలా సర్దండి. 1వ బార్ మొదటి బీట్ మీద జీఎం రీసెట్ (కీబోర్డుని మొదటి స్థితికి తెచ్చే ఆదేశం) ఒక్కటే. రెండో బీట్ నుంచి చానెళ్ల సెట్టింగులు, చానెల్‌కీ చానెల్‌కీ మధ్య 10 టిక్కుల ఎడం. బీట్‌కి 960 టిక్కులు పెట్టుకుంటే మీ టెంపోలో 10 టిక్కులు 6.5 మిల్లీసెకన్లు, 5.4 కంటే ఎక్కువే. వరస ముఖ్యం: బ్యాంక్ సెలెక్ట్ 0, బ్యాంక్ సెలెక్ట్ 32, ఆ తరవాతే ప్రోగ్రామ్ చేంజ్. బ్యాంక్ సందేశం ఒక్కటే వెళ్తే ఏమీ మారదు, ప్రోగ్రామ్ చేంజ్ వచ్చినప్పుడే రెండూ కలిసి అమలవుతాయి. వరస తిరగబడితే పాత బ్యాంకులో ఆ నంబరుకి ఏ ధ్వని ఉందో అదే పలుకుతుంది.

మిడి ఐటెమ్ ఎడమ అంచుని 5వ బార్ దాకా లోపలికి నెట్టకండి. చూడ్డానికి శుభ్రంగా ఉంటుంది గానీ, 1వ బార్‌లో ఉన్న సెట్టింగులు ఐటెమ్ బయటకి పోయి వాయింపులోకి రావు. పాటని మధ్య నుంచి ప్లే చేసినా వెనకున్న ప్రోగ్రామ్ చేంజ్ కీబోర్డుకి చేరేలా చేజ్ ఆప్షన్ ఆన్‌లో ఉందో లేదో చూసుకోండి.

బరంపురం టేకులు

46 మిల్లీసెకన్లు అన్న అంకె చూడగానే తెలిసిపోయింది. ఎంపీ3 చేసేటప్పుడు లేమ్ ఎన్‌కోడర్ ముందు 576 శాంపిళ్ల జాప్యం పెడుతుంది. తెరిచేటప్పుడు డీకోడర్ వైపు నుంచి ఇంకో 529. మొత్తం 1,105 శాంపిళ్లు, 48 కిలోహెర్ట్జ్‌లో 23 మిల్లీసెకన్లు. మీ గైడ్ ఒకసారి ఎంపీ3 అయింది, గాయని ఆ ఆలస్యం విని దానికి సరిగ్గా పాడింది. గాత్రం మళ్లీ ఎంపీ3 అయింది. 23 రెండుసార్లు 46. గాత్రాన్ని 2,210 శాంపిళ్లు ముందుకి, అంటే ఎడమవైపుకి జరపండి. గాయనిది ఇందులో తప్పేమీ లేదు, మళ్లీ పాడించక్కర్లేదు.

ఫైలు లోపల ఈ జాప్యం అంకె రాసి ఉంటుంది. దాన్ని చదివి మొదట్లో కోసేసే సాఫ్ట్‌వేర్లు కొన్ని, చదవనివి కొన్ని. అందుకే ఒకరి దగ్గర 0, ఒకరి దగ్గర 23, ఒకరి దగ్గర 46 వస్తుంది. అందరికీ ఒకే సర్దుబాటు పనిచేయదు. ఎం4ఏలో పంపినా తప్పదు. ఏఏసీలో సాధారణంగా 2,112 శాంపిళ్లు, అంటే 44 మిల్లీసెకన్లు.

వేవ్ (కుదించని ఫైలు) పంపమంటే నెట్ చాలదంటారు, అదీ నిజమే. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్, మోనో వేవ్ నిమిషానికి 8.64 ఎంబీ. అయిదు నిమిషాల పాటకి ఒక్క గాత్రమే 43 ఎంబీ. హార్మనీలు, డబుల్స్ కలిపి 12 ట్రాకులైతే 518 ఎంబీ. అందుకే చాలామంది ఖాళీ భాగాలు కోసేసి, పాడిన ముక్కలే పంపుతారు. ఆ కోతతోనే చోటు తెలియకుండా పోతుంది, మీ డోలక్‌కి జరిగింది కూడా అదే.

దీనికి మందు ఫ్లాక్ అనే ఫైలు రకం. నాణ్యత పోదు, ముందు జాప్యం ఉండదు. అసలు మేలు ఇంకొకటుంది: పూర్తి డిజిటల్ నిశ్శబ్దాన్ని ఫ్లాక్ దాదాపు ఏ చోటూ తీసుకోకుండా దాస్తుంది. ఒక బ్లాక్ మొత్తం ఒకే విలువ అయితే ఆ విలువ ఒక్కసారి రాసి ఊరుకుంటుంది. చివరి చరణంలో రెండు పంక్తులు మాత్రమే ఉన్న హార్మనీ ట్రాక్‌ని సున్నా నుంచి నిండుగా ఎగుమతి చేసినా, ఫైలు ఆ రెండు పంక్తుల బరువే ఉంటుంది. కాబట్టి సైజు కోసం కోయాల్సిన అవసరం లేదు. ఒక్క జాగ్రత్త: ఫ్లాక్‌లో 32 బిట్ ఫ్లోట్ కుదరదు. సున్నా డెసిబెల్స్ దాటిన శిఖరాలు తెగిపోతాయి. మైనస్ 6 దాటకుండా చూసి 24 బిట్‌లో పంపాలి.

రీపర్‌లో రెండర్ పెట్టేటప్పుడు సోర్స్ దగ్గర స్టెమ్స్ (ట్రాకులు విడివిడిగా), బౌండ్స్ దగ్గర ఎంటైర్ ప్రాజెక్ట్. అక్కడ టైమ్ సెలెక్షన్ మిగిలిపోయి ఉంటే అన్నీ తప్పు చోట మొదలవుతాయి. ఎఫ్ఎల్ స్టూడియోలో స్ప్లిట్ మిక్సర్ ట్రాక్స్ ఆన్ చేస్తే చాలు. ఫోన్ యాప్‌లో పంపితే డాక్యుమెంట్‌గానే పంపాలి. వాయిస్ మెసేజ్‌గా పోతే మళ్లీ కుదించేస్తుంది. ఫైలు పేరులోనే 96, 48కె, సమం 10 సెకన్లు అని రాసేయండి.

పర్లాకిమిడి హార్మోనియం

2,210 జరిపితే తెలుగు గాత్రం కూర్చుంది. ఖాళీ చొప్పించాక మూడు చోట్లా లెక్క సరిపోయింది. డోలక్ మాత్రం మొదట కూర్చోబెట్టినా నాలుగో నిమిషానికి జారుతోంది. మళ్లీ వాయించమనాలా? ఇంకొకటి, గాత్రం ఫైల్లో మొదటి పది సెకన్లూ ఫ్యాన్ హోరు, కరెంటు రొద ఉన్నాయి. వాటిని అక్కడే కోసి పంపమనాలా?

విశాఖ మిక్స్ బల్ల

కోసి పంపమనొద్దు. ఆ రొద మాకు కావాలి. గాయకులు 1, 2 బార్లలో కదలకుండా, ఊపిరి వినపడకుండా నిలబడితే అయిదు సెకన్ల గది నిశ్శబ్దం దొరుకుతుంది. మన కరెంటు 50 హెర్ట్జ్, దాని గుణిజాలు 100, 150 కూడా అందులో ఉంటాయి. నాయిస్ రిడక్షన్‌కి నమూనా తీసుకోడానికి ఒక్క సెకను శుభ్రమైన రొద చాలు. పాట మధ్యలో అది దొరకదు, గాత్రమో డోలకో అడ్డమొస్తుంది. నమూనా తీసుకున్నాక ఆ భాగాన్ని మేమే మూసి, మొదటి ఊపిరికి ముందు 10 నుంచి 20 మిల్లీసెకన్ల ఫేడ్ పెడతాం. ఊపిరిని మాత్రం కోయం. అది పోతే ఎత్తుగడ గొంతు పట్టుకున్నట్టు వినిపిస్తుంది. ఆడాసిటీలో ట్రంకేట్ సైలెన్స్ వాడొద్దని అందరికీ చెప్పండి. అది మొదట్లో ఉన్న ఖాళీతోపాటు పంక్తుల మధ్య ఖాళీలు కూడా కుదించేస్తుంది, తరవాత ఆ ఫైలుని కూర్చోబెట్టే దారి ఉండదు.

గుణుపురం మిడి

డోలక్ మళ్లీ వాయించక్కర్లేదు అన్నా. తేడా ఒకేలా ఉంటే అది మొదటి ఖాళీ దోషం. పెరుగుతూ పోతే గడియారం దోషం. 44.1 ఫైలుని 48గా చదివితే 8.8 శాతం వేగం పెరిగి శ్రుతి దాదాపు స్వరస్థానం ఒకటిన్నర పైకి పోయేది, అది రెండో సెకనుకే తెలిసిపోతుంది. మీది 240 సెకన్లకి 12 మిల్లీసెకన్లు, అంటే పది లక్షలకి 50 వంతులు. ఫోన్ క్రిస్టల్‌కీ మీ సౌండ్ కార్డ్ క్రిస్టల్‌కీ మధ్య అంత తేడా మామూలే.

ఐటెమ్ ప్లే రేట్ 1.00005 చేయండి. శ్రుతి కాపాడే ఆప్షన్ తీసేయండి. అది ఆన్‌లో ఉంటే సాగదీసే గణితం డోలక్ దెబ్బల మొనలు మొద్దుబారుస్తుంది. తీసేస్తే శ్రుతి మారేది సెంట్‌లో పదో వంతు కూడా కాదు, ఏ చెవికీ అందదు. మొదటి సమం, మధ్యలో ఒకటి, చివర ఒకటి చూసి ఖాయం చేయండి. మధ్యలో అయిదారు మిల్లీసెకన్లు అటూ ఇటూ ఊగితే అది వాయించిన చేతి నడక, దాన్ని ముట్టుకోవద్దు.

బరంపురం టేకులు

చివరి కోత గురించి. మొదటి శబ్దానికి 300 మిల్లీసెకన్ల ముందు కోస్తే చాలు, ఊపిరిని కూడా శబ్దంగానే లెక్కేసి. సీడీ అలవాటుతో ప్రతి పాట ముందూ రెండు సెకన్లు కలపొద్దు. సీడీలో మొదటి పాట ముందుండే ఆ రెండు సెకన్లు డిస్క్ వ్యవస్థలో భాగం, పాట ఫైల్లోది కాదు. ఖాళీ ఎక్కువైతే లౌడ్‌నెస్ కొలత తగ్గిపోతుందన్న భయమూ అక్కర్లేదు. మైనస్ 70 ఎల్‌యూఎఫ్ఎస్ (లౌడ్‌నెస్ కొలమానం) కంటే కింద ఉన్నది లెక్కలోకే రాదు.

గుణుపురం మిడి

గుడి దగ్గర బ్లూటూత్ స్పీకర్ల మీద వేసే ప్రతికి 300 మిల్లీసెకన్లు చాలవు. నిద్రలోంచి లేచే స్పీకర్ ఎత్తుగడ మొదటి అక్షరం మింగేస్తుంది. దానికి అర సెకను అయినా ఉండాలి.

విశాఖ మిక్స్ బల్ల

స్పీకర్ ప్రతి వేరే తీయండి, రెండు మాటలూ నిలబడతాయి. దానికంటే మీరు ముందు తేల్చుకోవాల్సింది వీడియో సంగతి. ఒకే వీడియోకి తెలుగు ఆడియో, ఒడియా ఆడియో రెండూ పెట్టాలంటే రెంటినీ ఒకే శాంపిల్ దగ్గర కోయాలి, లేకపోతే పెదవులూ డోలక్ చేతులూ ఒక భాషలో కలిసి ఇంకో భాషలో కలవవు. 8.000 సెకన్ల దగ్గర, 3,84,000వ శాంపిల్ మీద కోయండి. సమం వీడియోలో సరిగ్గా 2.000 దగ్గర పడుతుంది. ఒడియా ఎత్తుగడకి ముందు 437 మిల్లీసెకన్లు, ఊపిరికి సరిపోతుంది. తెలుగులో మాత్రం ఒక సెకను పైగా ఖాళీ మిగులుతుంది. అక్కడ శ్రుతిని 8.000 నుంచే 800 మిల్లీసెకన్ల ఫేడ్‌తో లేపి, రెండు భాషల్లోనూ అలాగే ఉంచండి. హార్మోనియం రీడ్లు పలకడానికి కొంచెం సమయం పడుతుంది గనక బెల్లో (గాలితిత్తి) 7వ సెకనుకే ఆడించడం మొదలుపెట్టాలి.

ఆడియో ఒక్కటే విడుదల చేసేదానికి తెలుగుని విడిగా 8.750 దగ్గర కోయండి. ఎత్తుగడకి ముందు 312 మిల్లీసెకన్లు ఉంటుంది, శ్రుతి ఫేడ్ 200కి తగ్గించాలి. కోసేది మాస్టర్ ఫైలునే, ప్రాజెక్ట్‌ని కాదు. ప్రాజెక్ట్‌లో పది సెకన్లూ అలాగే ఉంచండి, రేపు సవర భాషలో పాడించాలన్నా ఆ సున్నా నుంచే మొదలుపెట్టాలి.